మండే ఎండ, ఉక్కపోత, గాలివాన: పెరటి తోటనూ కోళ్లనూ వేసవి దాటించే పద్ధతి

వేసవి అంటే ఒకే రకం వాతావరణం కాదు. గాలిలో తడి లేకుండా మాడ్చేసే ఎండు వేడి ఒకటి. జల్లు పడి వెలిశాక ఆకు కూడా కదలని ఉక్కపోత ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివాన మూడోది. తోటలో, కోళ్ల గూట్లో జరిగే నష్టాల్లో చాలా మటుకు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవే. ఎండు వేడిలో కోళ్లను కాపాడిన నీటి తుంపరే ఉక్కపోతలో వాటి ప్రాణం మీదికి తెస్తుంది. ఎండకు వాడిన మొక్కకు నీళ్లు పోస్తే తేరుకుంటుంది. వాన వెలిశాక వాడిన మొక్కకు పోస్తే చచ్చిపోతుంది. అందుకే ప్రతి పనికీ ముందు ఈ రోజు ఏ రకం రోజో తేల్చుకోవాలి.

కింద ఇచ్చిన లెక్కలు పది కోళ్లకు, వంద చదరపు అడుగుల కూరగాయల మడికి సరిపోయేవి. మీకున్నదాన్ని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

1. గాలిలో తడి ఎంతుందో చూసుకోవడం

గది వేడి కొలిచే మామూలు గాజు థర్మామీటర్లు రెండు తీసుకోండి. రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో ముందే సరిచూసుకోండి. ఒకదాని బుడ్డికి పల్చటి నూలు గుడ్డ ఒక్క చుట్టు చుట్టి తడపండి. రెండింటినీ గూటి దగ్గర నీడలో వేలాడదీసి, విసనకర్రతో మూడు నాలుగు నిమిషాలు విసిరి అంకెలు చూడండి.

తడి గుడ్డ ఉన్నది రెండోదానికన్నా 8 డిగ్రీలు గానీ, ఇంకా ఎక్కువ గానీ కిందికి చూపిస్తే గాలి పొడిగా ఉన్నట్టు. నీళ్లు చల్లితే చల్లదనం వస్తుంది. తేడా 4 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటే గాలి బాగా ఆడుతున్న చోట మాత్రమే కొద్దిగా తడపాలి. 4 డిగ్రీలకు తగ్గితే గూట్లో నీళ్లు చల్లడం పూర్తిగా ఆపేయండి. ఆ గాలి ఇక తడిని తీసుకోదు, చల్లిన నీరంతా నేల మీదే నిలిచిపోతుంది.

కోళ్లకు ఇది చావు బతుకుల లెక్క. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలకు పైన ఉంటుంది. అది ఒళ్లు చల్లార్చుకునే దారులు రెండే. తల మీది ఎర్ర జుట్టు, గొంతు కింద వేలాడే తమ్మెలు, కాళ్లు, రెక్కల కింది చర్మం నుంచి వేడి బయటికి పోవడం ఒకటి. నోరు తెరిచి రొప్పుతూ గొంతులోని తడిని ఆవిరి చేయడం రెండోది. గాలే తడితో నిండి ఉంటే రెండో దారి మూసుకుపోతుంది. పొడి గాలిలో 38 డిగ్రీలను తట్టుకున్న కోడి, ఉక్కపోతలో 34 డిగ్రీలకే కూలబడవచ్చు.

2. నీళ్ల లెక్క

నేల మీద ఒక చదరపు మీటరుకు ఒక లీటరు నీరు పోస్తే ఒక మిల్లీమీటరు వానతో సమానం. తీవ్రమైన ఎండలో, పొడి గాలి వీచే రోజున కూరగాయల మడి నుంచి రోజుకు 5 నుంచి 7 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. వంద చదరపు అడుగులంటే సుమారు 9.3 చదరపు మీటర్లు. అంటే రోజుకు సుమారు 45 నుంచి 65 లీటర్లు కావాలి. పది కోళ్లకు తాగడానికి మామూలు రోజుల్లో రెండున్నర లీటర్లు సరిపోతాయి, మండే రోజుల్లో అయిదు లీటర్ల దాకా తాగుతాయి. గిన్నెలు కడగడానికి, ఒలికిపోయేదానికి ఇంకో అయిదు కలుపుకోండి. కుళాయి రాకపోయినా, మోటారు ఆగిపోయినా రెండు రోజులు గడిచేలా కనీసం 150 లీటర్లు మూత ఉన్న డ్రమ్ములో, నీడలో నిల్వ ఉంచాలి. ఎండలో పెట్టిన డ్రమ్ము మధ్యాహ్నానికి కాగిపోతుంది. ఆ నీళ్లు కోళ్లు ముట్టవు, మొక్కల వేళ్లకూ మంచిది కాదు.

ఇన్ని నీళ్లు దొరకకపోతే వేసవి రాకముందే మడిని తగ్గించండి. వంద అడుగుల్లో అరకొరగా తడిపిన మొక్కల కన్నా నలభై అడుగుల్లో కడుపునిండా తాగిన మొక్కలే ఎక్కువ కాస్తాయి. కోళ్ల విషయంలోనూ అంతే. ఇరుకు గూట్లో వేసవి మధ్యలో కోళ్లను పెంచుకుంటూ పోకండి.

గూటి కప్పు మీద పడే వాన నీరు పట్టుకోవచ్చు. పది చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే లెక్క ప్రకారం 250 లీటర్లు, చేతికి సుమారు 200 వస్తాయి. వాటిని మొక్కలకే వాడండి. కప్పు మీద అడవి పక్షుల రెట్ట ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు కోళ్లకు తాగించకూడదు.

3. మట్టిని సిద్ధం చేయడం

రోజూ పైపైన తడిపితే వేళ్లు పైపొరలోనే పాకుతాయి. ఆ పొరే అన్నిటికన్నా ముందు కాగుతుంది. మూడు రోజులకోసారి చదరపు మీటరుకు 15 నుంచి 20 లీటర్లు, నింపాదిగా, మొదలు చుట్టూ ఉన్న పాదులో పోయండి. ఇసుక నేల అయితే నీరు నిలవదు కనుక అదే నీటిని రోజు విడిచి రోజు, తక్కువ తక్కువగా పోయాలి. కుండీ మొక్కలకు ఈ లెక్క కుదరదు, వాటికి మండే రోజుల్లో పొద్దున, సాయంత్రం రెండు పూటలా కావాలి.

నీరు సరిపోయిందో లేదో పైన చూస్తే తెలియదు. నాలుగు అంగుళాల లోతున పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. చేయి తెరిస్తే ముద్దగా నిలిచి, వేలితో తాకగానే విరిగితే తడి సరిగ్గా ఉన్నట్టు. ముద్ద కట్టకుండా రాలిపోతే నీళ్లు పెట్టాలి. వేళ్ల సందుల్లోంచి నీరు ఊరితే మడి జోలికి వెళ్లకండి. ఈ పిడికిలి పరీక్ష గూట్లోనూ పనికొస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాం.

తడిపిన వెంటనే మట్టిని కప్పేయండి. ఎండుగడ్డి, ఎండుటాకులు, చిత్తు చేసిన ఎండు కొమ్మలు ఏవైనా రెండున్నర, మూడు అంగుళాల మందాన పరవండి. మొక్క కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే వాన పడగానే మొదలు కుళ్లుతుంది. పొడి నేల మీద ఈ కప్పు వేయకండి. అలా వేస్తే తర్వాత వచ్చే చిన్న జల్లును ఆ గడ్డే పీల్చుకుని మట్టికి చేరనివ్వదు.

నీటి ఎద్దడి ఎక్కువగా ఉన్నచోట మట్టికుండ పాతడం అన్నిటికన్నా పొదుపైన పద్ధతి. లోపల గానీ బయట గానీ రంగు, నునుపు పూత లేని, అడుగున చిల్లు లేని అయిదు లీటర్ల కుండను మెడ దాకా పాతండి. నీళ్లు నింపి మూత పెట్టండి. మూత లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కుండ గోడల్లోంచి నీరు మట్టిలోకి ఊరుతుంది. చుట్టూ అడుగు దూరంలోపు నాలుగు మొక్కలు పెట్టుకోవచ్చు. మట్టి తడిగా ఉంటే ఊరడం నెమ్మదిస్తుంది, ఆరేకొద్దీ పెరుగుతుంది. కుండ ఊరడం మానేస్తే రంధ్రాలు ఉప్పుతో పూడుకున్నట్టు. పైకి తీసి, గరుకు బ్రష్‌తో రుద్ది ఎండబెట్టండి.

మండే వారాల్లో రసాయన ఎరువులు వేయకండి. తడి తక్కువగా ఉన్న మట్టిలో ఆ లవణాలు వేళ్లను కాల్చేస్తాయి. కత్తిరింపులూ వద్దు. టమాటా ఆకులు ఎక్కువగా తుంచేస్తే నీడ పోయి కాయల మీద తెల్లటి, తోలు లాంటి మచ్చ పడుతుంది. అది తెగులు కాదు, ఎండ దెబ్బ.

4. నీడ, గాలి అడ్డు

కూరగాయలకు 35 నుంచి 50 శాతం ఎండను ఆపే షేడ్ నెట్ చాలు. అంతకన్నా చిక్కనిది కడితే కాండాలు సాగి, పూత తగ్గుతుంది. మొక్కల తలల మీద కనీసం రెండు అడుగులు ఎత్తు ఉండాలి. నేరుగా మొక్కల మీద పరిస్తే తాకిన చోటల్లా ఆకు మాడుతుంది. నెట్ ఒక్కటే ఉంటే పైన కన్నా పడమర వైపు కట్టడం మేలు. మధ్యాహ్నం మూడు తర్వాత ఏటవాలుగా పడే ఎండే ఎక్కువ నష్టం చేస్తుంది.

వడగాలికి అడ్డు కట్టేటప్పుడు చాలామంది గోడలా మూసేస్తారు. గట్టి అడ్డును దాటిన గాలి అవతల సుడి తిరిగి మొక్కల మీదే పడుతుంది. సగం గాలి వదిలే తడిక, వల, లేదా వరుసగా నాటిన గుబురు మొక్కలు మెరుగు. అలాంటి అడ్డు తన ఎత్తుకు సుమారు పది రెట్ల దూరం దాకా గాలి వేగాన్ని తగ్గిస్తుంది.

తోటకూ కోళ్లకూ ఒకేసారి పనికొచ్చేది తీగ పందిరి. కోళ్లు తిరిగే ఆవరణ మీద ఏడు అడుగుల ఎత్తున పందిరి వేసి సొర, బీర లాంటి తీగలు ఎక్కించండి. పందిరి నిండడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కాబట్టి ఎండలు ముదరడానికి రెండు నెలల ముందే విత్తాలి. తీగల మొదళ్లు ఆవరణ చుట్టూ ఉన్న జాలీకి బయట ఉండాలి. లోపల ఉంటే కోళ్లు గీరి వేళ్లు బయట పెడతాయి. తప్పనిసరై లోపల పెడితే మొదలు చుట్టూ ఒకటిన్నర అడుగుల ఎత్తు జాలీ చుట్టండి. ఆకు నీడ రేకు నీడ కన్నా చల్లగా ఉంటుంది, ఎందుకంటే ఆకులు తమలోని నీటిని ఆవిరి చేస్తూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి.

5. గూటిని వేసవికి మార్చడం

గూడు కొత్తగా కట్టేవారు పొడవు వైపు గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉండేలా, అంటే పొడవు తూర్పు పడమరలుగా కట్టాలి. అప్పుడు పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ చిన్న గోడల మీదే పడతాయి. చూరు మూడు అడుగులు బయటికి ఉంటే ఎండా వానా రెండూ ఆగుతాయి. ఒక్కో కోడికి లోపల నాలుగు చదరపు అడుగులు, బయట పది చదరపు అడుగులు కనీసం ఉండాలి. వేసవిలో లోపల అయిదు ఉంటే మేలు. కూర్చునే కర్ర మీద ఒక్కో కోడికి పది అంగుళాలు వదలండి. రాత్రి అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటే పగటి వేడి దిగదు.

ఇప్పటికే గూడు ఉంటే పక్క గోడల్లో పై సగం తీసేసి అర అంగుళం కన్నాల వెల్డెడ్ జాలీ బిగించండి. పల్చటి కోడి జాలీ వద్దు, కుక్కలు దాన్ని చించేస్తాయి, పాములు దూరిపోతాయి. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి కప్పుకు ఆనుకుని ఎదురెదురుగా రెండు వైపులా సందు ఉండాలి. ఒక్క వైపే ఉంటే గాలి కదలదు.

రేకు కప్పు అయితే పైన సున్నం తెల్లగా పూయండి. ఇంకా మేలైన పని, రేకు మీద మూడు అంగుళాల ఎత్తు కర్రలు పరిచి, వాటి మీద ఎండుగడ్డి లేదా ఆకు కప్పు వేసి తీగతో బిగించడం. ఆ మధ్య సందులోంచి గాలి ఆడాలి. గడ్డిని నేరుగా రేకుకు అంటించి వేస్తే ఆ లాభం చాలావరకు పోతుంది.

నేల మీద పరిచే ఊక లేదా రంపపు పొట్టు చలికాలంలో ఆరు అంగుళాలు ఉండవచ్చు, వేసవిలో రెండు మూడు అంగుళాలకు తగ్గించండి. మందంగా ఉన్న పొర లోపల రెట్ట పులిసి తనే వేడి పుట్టిస్తుంది. ఆవరణలో నీడపట్టున అడుగు లోతు గుంట తవ్వి, పొడి మట్టి, ఇసుక నింపండి. కోళ్లు అందులో పొర్లాడి ఒళ్లు చల్లబరచుకుంటాయి, పేలనూ వదిలించుకుంటాయి.

6. ఎండు వేడి రోజున ఏ పని ఎప్పుడు

తెల్లవారుజామున వెలుతురు రాగానే దాణా పెట్టండి. గుడ్లు పెట్టే కోడికి రోజుకు 110 నుంచి 120 గ్రాములు కావాలి. ఎండలకు అంత తినదు కాబట్టి తిన్న కొద్దిదానిలోనే బలం ఉండాలి. 16 నుంచి 18 శాతం మాంసకృత్తులున్న లేయర్ దాణాను నూకలతో, మిగిలిన అన్నంతో పలచన చేయకండి. తొమ్మిది, పదింటికల్లా దాణా గిన్నెలు తీసేసి సాయంత్రం అయిదు, ఆరింటికి మళ్లీ పెట్టండి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తిన్న నాలుగైదు గంటలకు అది బాగా పెరుగుతుంది. పదకొండింటికి మేస్తే ఆ వేడి సరిగ్గా మూడు గంటల ఎండతో కలుస్తుంది. పెంకు గట్టిపడడానికి గుల్ల పొడిని మాత్రం వేరే గిన్నెలో రోజంతా ఉంచండి.

ఎండాకాలంలో పెంకు పల్చబడడం సున్నం తక్కువై మాత్రమే కాదు. రొప్పేటప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షార గుణం పెరుగుతుంది. దాంతో పెంకు తయారీకి కావాల్సిన కార్బొనేట్ తగ్గుతుంది. గుల్ల పొడి ఎంత పెట్టినా కోడి రొప్పుతూనే ఉంటే పెంకు బాగుపడదు. ముందు చల్లబరచాలి.

నీళ్లు కనీసం రెండు చోట్ల, నీడలో పెట్టండి. ఒకే గిన్నె ఉంటే పెత్తనం చేసే కోడి మిగతావాటిని దగ్గరికి రానివ్వదు. చుక్క చుక్కగా కారే నిపిల్ గొట్టాలు వాడేవారు ఈ రోజుల్లో వాటితోపాటు వెడల్పాటి గిన్నె కూడా పెట్టాలి, తమ్మెలు ముంచుకునే వీలుంటే ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. పదకొండింటికి, ఒంటి గంటకు, మూడింటికి నీళ్లు పారబోసి కొత్తవి పోయండి. పారబోసినవి మొక్కల పాదులోకే పోనివ్వండి. గడ్డకట్టించిన నీళ్ల సీసాను గిన్నెలో వేస్తే రెండు గంటలు చల్లగా ఉంటాయి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా కోళ్లను పట్టుకోవడం, తరమడం, టీకాలు వేయడం, చోటు మార్చడం ఏవీ వద్దు. భయపడి పరుగెత్తిన కోడి అయిదు నిమిషాల్లో వడదెబ్బ తినగలదు. తప్పని పనులు రాత్రి చీకట్లో చేయండి. గాలి పొడిగా ఉందని థర్మామీటర్లు చెబితే కప్పు మీద, ఆవరణ నేల మీద, పక్కన కట్టిన గోనె పరదాల మీద గంటకోసారి నీళ్లు చల్లండి. గూటి లోపలి ఊక తడవకూడదు. ఫ్యాన్ ఉంటే కోళ్ల ఎత్తున, తడి గోనె వైపు నుంచి వీచేలా పెట్టి, తీగలు వాటి ముక్కుకు అందకుండా కట్టండి. గాలి వేడి 40 డిగ్రీలు దాటాక పొడి గాలిని తిప్పే ఫ్యాన్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే మేలు జరగదు.

గుడ్లు రోజుకు మూడుసార్లు ఏరండి. పుంజు ఉన్న చోట గూటి వేడికే గుడ్డులో పిండం పెరగడం మొదలవుతుంది. పొదుగుతున్న పెట్టను రోజుకు రెండుసార్లు లేపి నీళ్ల దగ్గరికి పంపండి, వదిలేస్తే పెట్టె లోపలే మాడిపోతుంది. మొదటి వారం పిల్లలకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. గది వేడే అంత ఉంటే పగలు బల్బు ఆర్పేయాలి.

తోట పని పొద్దున్నే ముగించండి. నీళ్లు తెల్లవారుజామున పోయడం మేలు. మధ్యాహ్నం గుమ్మడి, దోస ఆకులు వాలిపోయి కనిపిస్తాయి. అది చూసి కంగారుపడి నీళ్లు పోయకండి. సాయంత్రానికి అవే లేస్తే మొక్క బాగానే ఉన్నట్టు. పొద్దున ఎండ పడకముందే వాలి ఉంటే అప్పుడు నిజంగా దాహం.

పూత రాలడం ఈ రోజుల్లో మామూలే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 దిగకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు, పువ్వు రాలిపోతుంది. దానికి మందులు కొట్టి డబ్బు పోగొట్టుకోవద్దు. మొక్కను బతికించుకుంటే వేడి తగ్గాక మళ్లీ పూస్తుంది. 30 డిగ్రీలు దాటితే టమాటాలో ఎర్ర రంగు కూడా సరిగా రాదు. కాయ కింది భాగం కాస్త గులాబీ రంగు తిరగగానే కోసి ఇంట్లో నీడన మాగబెట్టండి. కాయ అడుగున నల్లగా అణిగిన మచ్చ పడితే ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెత్తడం వల్ల కాల్షియం కాయ చివరిదాకా చేరలేదని అర్థం. నీటి వేళలు సరిచేస్తే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి. దోసకాయ చేదెక్కడానికి కూడా ఎండ, నీటి ఎద్దడి కారణాలే.

ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున బూజు లాంటి గూడు కనిపిస్తే ఎర్ర నల్లి. అది పొడి వేడిలోనే పెరుగుతుంది. మూడు రోజులు వరసగా పొద్దున ఆకుల అడుగు భాగానికి నీటిని గట్టిగా చిమ్మండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొద్దిగా సబ్బు కలిపి ఎండ పూర్తిగా దిగాక కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. గంధకం పొడి 32 డిగ్రీలు దాటిన రోజుల్లో అసలు వాడకూడదు.

7. ఉక్కపోత రోజు

తడి గుడ్డ థర్మామీటరు దగ్గర దగ్గరగా చూపిస్తున్న రోజున పైన చెప్పిన తడపడాలన్నీ ఆపండి. పరదాలు ఎత్తేయండి, తలుపులు తీయండి, జాలీకి అడ్డంగా ఉన్న సంచులు, సామాను తొలగించండి. ఫ్యాన్ పొడిగానే తిప్పండి. ఇలాంటి రాత్రులు పగటి కన్నా ప్రమాదం. రాత్రి చల్లబడకపోతే కోళ్లు అలసట తీరకుండానే మర్నాటి ఎండకు దొరుకుతాయి. చుట్టూ గట్టి కంచె, పైన వల ఉంటే ఆ రాత్రులు ఆవరణలోనే కర్రలు వేసి పడుకోనివ్వండి.

ఎలక్ట్రోలైట్ పొడి ఇవ్వాలనుకుంటే ప్యాకెట్ మీద రాసిన కొలతే కలపండి. రెండు మూడు రోజులు మించకూడదు, పక్కన మామూలు నీళ్ల గిన్నె తప్పనిసరిగా ఉండాలి. కోడి మూత్రపిండాలు ఎక్కువ ఉప్పును తట్టుకోలేవు. అందాజుగా ఉప్పు కలిపిన నీళ్లతో కోళ్లు చనిపోతాయి.

8. వడదెబ్బ తగిలితే

మొదటి గుర్తులు: ముక్కు తెరిచి ఉండడం, గొంతు కింది చర్మం గబగబా కొట్టుకోవడం, రెక్కలు ఒంటికి ఆనకుండా దూరంగా పట్టుకుని నిలబడడం. ఇక్కడిదాకా అది తనను తాను చల్లార్చుకుంటోంది, నీడా నీళ్లూ గాలీ ఉంటే చాలు. జుట్టు ఎరుపు తగ్గి పాలిపోయినా, నీలం తిరిగినా, కోడి కళ్లు మూసి పక్కకు ఒరిగినా ఇక ఆలస్యం చేయకూడదు.

రెండు చేతులతో మెల్లగా ఎత్తి నీడకు తీసుకెళ్లండి. మామూలు చల్లదనమున్న నీళ్లున్న తొట్టిలో కాళ్లు, పొట్ట మునిగేలా నిలబెట్టి, తల పైకి పట్టుకుని అయిదు నిమిషాలు ఉంచండి. మంచు నీళ్లు వాడకండి, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి బయటికి రాదు. జుట్టును, తమ్మెలను తడిపిన వేలితో నిమరండి. నోట్లో నీళ్లు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు పక్కన ఒక్కో చుక్క అంటిస్తే తనే చప్పరిస్తుంది. తేరుకున్నాక ఆ రోజంతా విడిగా, చీకటిగా, గాలి ఆడే చోట ఉంచండి. బరువైన జాతులు, దట్టమైన నల్ల ఈకలవి ముందు దెబ్బతింటాయి. మెడ మీద ఈకలు లేని రకాలు బాగా తట్టుకుంటాయి.

9. గాలివాన వస్తుందని తెలిస్తే

ముందురోజే చేయాల్సిన పనులు ఇవి. గూటి కప్పును నాలుగు మూలలా తాడుతో నేలలో పాతిన మేకులకు బిగించండి. గూటి చుట్టూ ఆరు అంగుళాల లోతు కాలువ తీసి, నీరు కూరగాయల మడి వైపు కాకుండా పల్లానికి పోయేలా చూడండి. రెట్ట కలిసిన నీరు మడిలోకి వస్తే పచ్చిగా తినే ఆకుకూరలన్నీ పారేయాల్సి వస్తుంది. దాణా సంచులు నేలకు అడుగు ఎత్తున బల్ల మీద పెట్టండి.

పరదాలను కింద బిగించి పైకి లాగేలా కట్టాలి, పైనుంచి కిందికి దింపేలా కట్టకూడదు. వాన జల్లు కోళ్ల ఎత్తున ఆగుతుంది, పైన అడుగు ఖాళీ ఉండడం వల్ల ఊపిరాడుతుంది. మొత్తం మూసేసిన గూట్లో వాన రాత్రి ఉక్కతో చచ్చే కోళ్లు, తడిసి చచ్చే కోళ్ల కన్నా ఎక్కువ.

షేడ్ నెట్లు విప్పేయండి. గాలికి అవి తెరచాపలై గుంజలను కూడా పీకేస్తాయి. వడగళ్ల భయం ఉంటే చిన్న కన్నాల వలను గట్టి చట్రానికి ఏటవాలుగా బిగించి ఉంచవచ్చు. టమాటా, వంగ, మిరప మొక్కలకు కర్ర పాతి, కాండానికీ కర్రకూ మధ్య 8 అంకె ఆకారంలో మెత్తటి గుడ్డ పీలికతో కట్టండి. సన్న తాడు గాలికి కాండాన్ని కోసేస్తుంది. కోతకు వచ్చినవన్నీ కోసేయండి. బాగా ఎండిన మట్టి మీద ఒక్కసారిగా వాన పడితే పండిన టమాటాలు పగులుతాయి.

10. వాన వెలిశాక

ముందు గూట్లోకి వెళ్లండి. కోళ్ల ఎత్తుకు వంగి కూర్చుని ఊపిరి పీల్చండి. నిలబడితే తెలియని ఘాటు అక్కడ కళ్లకు మండిస్తే అమ్మోనియా లేస్తున్నట్టు. ఇప్పుడు పిడికిలి పరీక్ష. గుప్పెడు ఊక తీసి పిసకండి. మట్టి ముద్ద కట్టాలి, ఊక ముద్ద కట్టకూడదు. ముద్దగా నిలిస్తే ఆ చోట ఊకంతా తీసేసి పొడిది వేయండి. తడి ఊక మీద సున్నం చల్లే అలవాటు చాలామందికి ఉంది. సున్నం క్షారం కాబట్టి అమ్మోనియా ఇంకా ఎక్కువ లేస్తుంది. ఊక తీసేసిన ఉత్త నేల మీద సున్నం చల్లి, ఆరాక కొత్త ఊక పరవండి.

తడి, వెచ్చదనం కలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే రక్త పారుడు తెచ్చే సూక్ష్మజీవుల గుడ్లు ఊకలో సిద్ధమవుతాయి. పిల్లలు మునగదీసుకుని, ఈకలు ఉబ్బించి, రెట్టలో రక్తం కనిపిస్తే విడదీసి వెంటనే పశువైద్యుడికి చూపించండి. దీనికి నీటిలో కలిపే ఆంప్రోలియం మందు ఉంది. వానల తర్వాత దోమలు పెరిగి కోళ్ల మశూచినీ మోసుకొస్తాయి. జుట్టు మీద నల్లటి పొక్కులు దాని గుర్తు. టీకా వేసవికి ముందే వేయించుకోవాలి. రాత్రి టార్చి పట్టుకుని కూర్చునే కర్రల అడుగున తెల్ల కాగితంతో తుడవండి. ఎర్ర మరకలు అంటితే రక్తం తాగే నల్లులు చేరినట్టు. వేడిలో వారం పది రోజుల్లోనే వాటి సంతతి మరో తరానికి వస్తుంది కాబట్టి కర్రలు, సందులు మరిగే నీళ్లతో కడిగి ఎండబెట్టడం వారానికోసారి చొప్పున మూడుసార్లు చేయాలి. ముక్కిన దాణా, గడ్డకట్టిన దాణా వేయకండి. బూజులోని విషం కాలేయాన్ని పాడుచేస్తుంది.

తర్వాత తోట. నిలిచిన నీటిని ఆ రోజే కాలువ తీసి పంపండి. ఒక రోజుకు మించి మునిగితే టమాటా, మిరప వేళ్లకు ఊపిరాడదు. నీటిలో నిలబడే మొక్క వాడిపోయినట్టు కనిపిస్తుంది. పనిచేయని వేళ్లు నీటిని పైకి లాగలేక అలా వాడుతుంది, దానికి మళ్లీ నీళ్లు పోయకండి. మట్టిని పిసికితే నీరు ఊరడం ఆగేదాకా మడిలో అడుగు పెట్టవద్దు, తొక్కిన తడి మట్టి ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది. ఆకుల మీది బురద కడిగేయండి, విరిగిన కొమ్మలను శుభ్రమైన కత్తితో కోయండి, పైపెచ్చు కట్టిన మట్టిని చేత్తో గుల్ల చేయండి. మూడో రోజు లీటరు నీటికి 5 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీటిలో కరిగే ఎరువు) కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే వేళ్లు కోలుకునేలోపు మొక్కకు తిండి అందుతుంది. మొదలు కుళ్లు మొదలైన చోట లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి మొక్క మొదలు దగ్గర పోయండి, ఆ మడి వైపు కోళ్లను రానివ్వకండి.

11. రెట్ట, ఎరువు

తీసేసిన ఊక, రెట్ట పారేయకండి, అలాగని నేరుగా మొక్కలకూ వేయకండి. పచ్చి రెట్టలో నత్రజని ఎంత ఎక్కువంటే ఎండాకాలంలో వారం తిరిగేలోపు ఆకుల అంచులు మాడతాయి. ఒక తట్ట రెట్టకు రెండు మూడు తట్టల ఎండుటాకులు కలిపి, మూడు అడుగుల ఎత్తు కుప్ప వేయండి. పిసికితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే తడి. లోపల వేడి 55 డిగ్రీలు దాటి మూడు రోజులు ఉండాలి. వేడి తగ్గాక తిరగేయండి, అలా నాలుగైదు సార్లు. మూడు నాలుగు నెలలకు వాసన పోయి మట్టిలా అవుతుంది. పచ్చి రెట్ట మట్టిలో కలిపితే నేలకు తగిలే కూరగాయలను 120 రోజుల దాకా కోయకూడదు.

పంట అయిపోయిన మడిలో కోళ్లను వదిలితే పురుగులను, కలుపు గింజలను ఏరేస్తాయి. కాపు ఉన్న మడిలో వదిలితే కప్పిన గడ్డినంతా చెదరగొట్టి వేళ్లు బయట పెడతాయి. దోస తొక్కలు, పుచ్చకాయ తొక్కలు ఎండలో మంచివే కానీ మొత్తం మేతలో పదో వంతు మించకూడదు. పచ్చగా మారిన బంగాళాదుంప, టమాటా ఆకులు, ఆముదం గింజలు, గన్నేరు వాటికి విషం.

వేడి తగ్గిన వెంటనే గుడ్లు మామూలుగా రావు. రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపు దాణా మార్చకండి, కోళ్లను మార్చకండి. తోటలో ముదిరిన వంగ, బెండ మొక్కల్లో ఆకులు పచ్చగా ఉన్నవాటిని పై మూడో వంతు కత్తిరించి, మాగిన ఎరువు మొక్కకు రెండు దోసిళ్లు వేసి నీళ్లు పెట్టండి. కింది నుంచి కొత్త చిగుళ్లు పది పన్నెండు రోజుల్లో కనిపిస్తాయి. రాకపోతే పీకేసి ఆ చోట కోళ్లను వారం రోజులు వదిలి, తర్వాతి విత్తనం వేయండి, నేలకు తగిలే కూరగాయలైతే పైన చెప్పిన 120 రోజుల లెక్క మరవకండి.